మోటారుసైకిలు పందెములకు దిక్కెవరు?

మోటారుసైకిలు పందెములను చూచువారు తగ్గిరనియు, వానికిక మన దేశమున నూకలు చెల్లినవనియు కొందరు పెద్దలు తేల్చివేయుచున్నారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ చేరువ గ్రేటర్ నోయిడాలో మోటో జీపీ యను ప్రపంచ పందెము జరిగెను. ఇటలీవాడు బెజెక్కి గెలిచెను. మరల వత్తుమన్నవారు మరుసటి యేడు రాలేదు, 2025లోను రాలేదు. పెండ్లివారే పందిరి పీకుకొని పోగా, విందునకు జనము రాలేదని యూరివారిని తిట్టుట యేమి న్యాయము?

మా బుచ్చయ్యపేట సంగతి చూడుడు. ఈ చోడవరము సీమలో ఎడ్ల పందెములకు జనమును పిలువ నక్కరలేదు. ఏలన, ఎడ్లు మనవి, తోలువాడు మనవాడు, పొలము మనది. మోటారు పందెమునకు అదియే కరవు. నేర్వగోరు కుర్రవాడు 700 కిలోమీటర్లకు మించి ప్రయాణించి, మద్రాసు చేరువ 1990లో వెలసిన ఇరుంగాట్టుకోట్టై పథమునకు పోవలె. లేదా రాత్రివేళ విశాఖ బీచిరోడ్డున నడచువారి ప్రాణములతోను, తన ప్రాణముతోను చెలగాటమాడవలె.

ఆ మద్రాసు పథముననే 2023 ఆగస్టులో 13 ఏండ్ల బాలుడు పందెమున పడి మరణించెను గదా, మాన్పింపుడని మరికొందరందురు. పోటీదారుల వయస్సు పెంచుడు. మేమును అదియే కోరుచున్నాము. కాని పథము మూసినంతనే వేగము మానునా? అది బీచిరోడ్డు కెక్కును. వేడుకలకు తోరణములు గట్టు దొరతనము విశాఖ చేరువ ఒక చిన్న పథమును, ఒక గురువును, ఒక వైద్యుని ఏల చూపజాలదు?