చర్మం చెప్పని గాయం

ఢాకాలోని ఉత్తరా ప్రాంతంలో 2025 జులై 21న శిక్షణ కోసం బయలుదేరిన బంగ్లాదేశ్ వైమానిక దళ విమానం మైల్‌స్టోన్ పాఠశాలపై కూలిన దుర్ఘటనలో ముప్పై మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలే. క్షతగాత్రుల చికిత్సలో తోడ్పడేందుకు ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా, సఫ్దర్‌జంగ్ ఆస్పత్రుల నుంచి ఒక వైద్య బృందం ఢాకా వెళ్లింది. ఇటువంటి ప్రతి ప్రమాదంలోనూ మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ఎంత శాతం కాలింది? అది అవసరమైన లెక్కే. కాకపోతే అది చర్మం లెక్క మాత్రమే. మంటల మధ్య పీల్చిన వేడిగాలి, పొగ లోపల చేసిన నష్టం ఆ శాతంలోకి రాదు. పిల్లల విషయంలో ప్రాణాన్ని నిర్ణయించేది చాలాసార్లు ఆ లెక్కకు అందని గాయమే.

ఎందుకో తెలుసుకోవడానికి కొద్దిపాటి భౌతికశాస్త్రం చాలు. గొట్టం వ్యాసార్ధం సగానికి తగ్గితే అందులో గాలికి ఎదురయ్యే నిరోధం రెండింతలు కాదు, పదహారు రెట్లు అవుతుంది. పసిబిడ్డ వాయునాళం ఇరుకైన చోట సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా మిగిలే దారి రెండు మిల్లీమీటర్లే. 8 మిల్లీమీటర్ల దారి ఉన్న పెద్దవారికి అదే వాపు వస్తే నిరోధం మూడు రెట్లకు కాస్త మించుతుంది. భయంతో, బాధతో ఏడ్చే బిడ్డలో గాలి సుడులు తిరుగుతుంది కనుక కష్టం మరింత పెరుగుతుంది. పైగా పిల్లలు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. ఒకే గదిలో, అంతే సేపట్లో, శరీర బరువుతో పోల్చి చూస్తే ఎక్కువ పొగ మింగేది వారే.

ఇక్కడ కాలం పెట్టే మెలిక ఒకటుంది. ఆస్పత్రికి తెచ్చినప్పుడు బిడ్డ మాట్లాడుతూనే ఉండవచ్చు, మంచినీళ్లు అడగవచ్చు. వాపు అప్పటికి మొదలై మాత్రమే ఉంటుంది. తొలి ఒకటి రెండు రోజుల్లో అది పతాక స్థాయికి చేరుతుంది. కాలిన శరీరాన్ని నిలబెట్టడానికి ఎక్కించక తప్పని సెలైన్ కూడా ఆ వాపునకు తోడవుతుంది. ముఖంపై కాలిన గాయాలు, మాడిన ముక్కు వెంట్రుకలు, ఉమ్మిలో మసి, బొంగురుపోయిన గొంతు, ఊపిరి తీస్తుంటే ఈలవంటి శబ్దం... వీటిని గమనించి సకాలంలో గొంతులోకి గొట్టం అమర్చగలిగితే దారి నిలుస్తుంది. వాపు పూర్తయ్యాక ప్రయత్నిస్తే నిపుణులకూ స్వరపేటిక కనిపించదు. ‘పెద్దాస్పత్రికి తీసుకుపొండి’ అని చీటీ రాసి పంపే చోట ఈ పరీక్ష జరగకపోతే, రెండు మూడు గంటల ప్రయాణంలోనే దారి మూసుకుపోవచ్చు. పిల్లల కొలతల గొట్టాలు, వాటిని అమర్చడంలో చేయి తిరిగిన మత్తు వైద్యుడు జిల్లా స్థాయిలోనే ఉండాలనడం ఇందుకే.

మంట తాకకుండా పొగే చంపిన ఘటనలు మనకు కొత్త కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో మరణించిన 59 మందిని బలిగొన్నది ప్రధానంగా పొగే. హైదరాబాద్‌లో చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద 2025 మే 18 ఉదయం జరిగిన ప్రమాదంలో మరణించిన 17 మందిలో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా కారణం పొగే. ప్లాస్టిక్, ఫోమ్, సింథటిక్ వస్త్రాలు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. వేలికి తగిలించే సాధారణ పల్స్ ఆక్సీమీటర్ ఈ తేడాను కనిపెట్టలేదు. 98 అని నిశ్చింతగా చూపుతూనే ఉంటుంది. ఆ అంకెను నమ్మి ఆక్సిజన్ తీసివేసే పొరపాటు జరగకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాలకు గురవుతున్నారు. బంగ్లాదేశ్‌లో పిల్లలే 1,73,000 మంది. ఇంటిల్లిపాదిని అప్పుల్లోకి నెట్టే ఈ చికిత్సకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ పథకాలు ఆసరా కావడం మేలే. అయితే కాలిన గాయాల ప్యాకేజీలు ప్రధానంగా చర్మం శాతాన్ని బట్టే నిర్ణయమయ్యాయి. పది శాతం మాత్రమే కాలి, శ్వాసనాళం దెబ్బతిన్న బిడ్డకు వెంటిలేటర్, పిల్లలకు సరిపడే సన్నని బ్రాంకోస్కోపు, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. కాగితం మీద మాత్రం అది చిన్న కేసే. శ్వాసనాళ గాయాన్ని శాతంతో నిమిత్తం లేకుండా విడిగా లెక్కించే పద్ధతి లేనంతకాలం, ఆ ఖర్చు ఎవరో ఒకరి మీద పడక తప్పదు. ఆ ఎవరో సాధారణంగా బిడ్డ తండ్రే.

బతికి బయటపడడంతో కథ ముగియదు. వాయునాళం లోపలి పొర మానేటప్పుడు మచ్చ కట్టి దారి బిగుసుకుపోవచ్చు. గొట్టం ఎక్కువ రోజులు ఉంచవలసి వచ్చినా అదే ప్రమాదం. కొందరికి మెడ వద్ద రంధ్రం చేసి అమర్చిన గొట్టంతోనే నెలల తరబడి గడుస్తుంది. ఇంట్లో కఫం లాగే యంత్రం, దానికి నిరంతరాయంగా కరెంటు, దాన్ని వాడడం నేర్చిన మనిషి ఉండాలి. డిశ్చార్జి చీటీలో వీటికి గడి లేదు.