మన పెరట్లో ఏ మిరప పెడదాం?



వంటశాల వెనక ఖాళీ జాగాలో నాలుగు మడులు చేసి మిరప పెట్టుకుందామని వార్డెన్ మేడం ప్రార్థనలో చెప్పారు. ఏ రకమో మమ్మల్నే ఆలోచించుకోమన్నారు. ఎక్కువమంది "తేజ" అని చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకో రాస్తున్నాను.

తేజ మంచి పంటే, కాదనను. గోదావరి ఒడ్డు చేలల్లో పండి చైనా దాకా పోతుంది. కాని అది అమ్ముకునే మిరప. కారం ఉంటేనే దానికి గిరాకి. మా అమ్మ కూలికి పోయి తేజ ఏరిన రోజు రాత్రి చేతుల మంటకు నిద్రపోదు. మనం పెట్టేది అమ్మడానికి కాదు, తినడానికి. మరి తినేది ఎవరో చూడొద్దా? తొక్కు వేసిన రోజు మూడో తరగతి చెల్లెళ్ళు రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగి లేస్తున్నారు. మిగిలిన అన్నం పారబోస్తున్నాం.

అందుకని రెండు మడుల్లో చపాటా పెడదాం అంటాను. వరంగల్ వైపు పండే లావు కాయ ఇది, టమాట మిరప అని కూడా అంటారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు ఎక్కువ, కారం తక్కువ. పండు కాయలు కోసి చింతపండు, ఉప్పు, ఎల్లిపాయ వేసి దంచితే చిన్నపిల్లలు కూడా తినొచ్చు.

మూడో మడిలో మా అవ్వ దాచిన పిట్ట మిరప. చిన్న కాయ, పైకి నిలబడి కాస్తుంది. ఒకటి కొరికితే చెవులు గుయ్యిమంటాయి. కారం లేనిదే ముద్ద దిగదనే పదో తరగతి అక్కలకు ఇది చాలు. వాళ్ళ తొక్కు వేరే నూరుకోవచ్చు. నాలుగో మడిలో కూరలకు పచ్చిమిర్చి, వంట అక్క ఏది చెబితే అది.

ఇంకో సంగతి విత్తనం. సంకర విత్తనం పొట్లం ఏటా కొనాల్సిందే. దాని కాయల గింజలు పెడితే అన్ని మొక్కలూ తల్లిలా రావు. చపాటా, పిట్ట మిరప గింజలైతే మనమే దాచుకోవచ్చు. అయితే తేనెటీగలు ఒక మడి పుప్పొడి ఇంకో మడికి చేరుస్తాయి. ఈ ఏడు కాయ మారదు గాని, ఆ గింజ వచ్చే ఏడు మొలిస్తే రకాలు కలిసిపోతాయి. అందుకే పూలు విచ్చకముందే ఒక కొమ్మకు పల్చని గుడ్డ సంచి కట్టి, అందులో కాసిన కాయలనే విత్తనానికి ఉంచాలి.

అవ్వ గింజలను ఎండబెట్టి, బూడిద కలిపి సొరకాయ బుర్రలో పోస్తుంది. మా ఊళ్ళో ఆ గింజ ఇప్పుడు రెండిళ్ళలోనే ఉంది. ఆ రెండిళ్ళలో పోతే ఇక లేనట్టే. ఇక్కడ ఒక్క మడి పెడితే సెలవులకు పోయేటప్పుడు తలా పిడికెడు గింజలు మన మన ఊళ్ళకు పట్టుకుపోవచ్చు.

నారు పోసిన 40 రోజులకు గాని మొక్క నాటడానికి రాదు. కాబట్టి తొందరగా తేల్చుకోవాలి. అవ్వ దగ్గర నుంచి గింజలు తెచ్చే పూచీ నాది. నీళ్ళు పోసే వంతు కూడా మొదటి వారం నాదే.

వార్డెన్ మేడం, వంట అక్కలు ఆలోచించాలని మనవి. తేజ కావాలనే అక్కలు తమ మాట కూడా వచ్చే సంచికలో రాయాలి. తప్పులుంటే మన్నించండి.

— 9వ తరగతి విద్యార్థిని