‘ఫారిన్ సర్వీసు’ నుంచి బ్లాక్‌బోర్డు దగ్గరికి

గుడివాడలోనో పామర్రులోనో లెక్కలు చెప్పుకునే స్కూల్ అసిస్టెంటు జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి సెక్టోరల్ అధికారిగా వెళ్తే, సర్వీసు లెక్కల్లో దాన్ని ‘ఫారిన్ సర్వీసు’ అంటారు. పాస్‌పోర్టు అక్కర్లేని విదేశం. బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చేస్తుంది.

అక్కడ ఆయన శిక్షణ తరగతులకు ప్రణాళిక వేస్తాడు, రిసోర్స్ పర్సన్లను ఎంపిక చేస్తాడు, బడులు తిరిగి చూస్తాడు. ఒకరోజు గడువు తీరిపోతుంది. లేదా ప్రభుత్వం మారుతుంది, పథకం పేరు మారుతుంది. మాతృసంస్థకు వెళ్లిపొమ్మని ఉత్తర్వు చేతికొస్తుంది. జీతం పోదు, పోయేది కుర్చీ. జాయినింగ్ రిపోర్టు ఇచ్చి స్టాఫ్‌రూంలో కూర్చోగానే ఎవరో ఒకరు పలకరిస్తారు: ‘ఏంటి మాస్టారూ, మళ్లీ బళ్లోకే వచ్చేశారా?’ పిల్లలకు పాఠం చెప్పడం కింది మెట్టనీ, పాఠం చెప్పేవాళ్లకు చెప్పడం పై మెట్టనీ మన విద్యాశాఖ మనసులో ఎంత గట్టిగా నాటుకుందో ఆ ‘బళ్లోకే’ అనడంలోనే తెలిసిపోతుంది.

ఇది ఈనాటి సంగతి కాదు. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) ఊళ్లలో ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది, టీచర్లనే శిక్షకులుగా తయారుచేసింది. 1996లో అది ముగిసింది. అదే ఏడాది రాష్ట్రంలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపెప్) మొదలై మండల రిసోర్స్ పర్సన్లను తెచ్చింది. తర్వాత సర్వశిక్షా అభియాన్, 2018 నుంచి సమగ్ర శిక్ష. ఒక్కో పథకం తన నిపుణులను తాను తయారుచేసుకుంది, పోతూ పోతూ వాళ్లను బడికి అప్పగించి వెళ్లింది. వచ్చినవాళ్లు ఏం నేర్చుకొచ్చారో అడిగి రాసుకునే రిజిస్టరు మాత్రం ఏ పథకమూ పెట్టినట్టు కనిపించదు.

అందరూ పాఠం మీద ప్రేమతోనే ఆ పోస్టులకు వెళ్లారని చెప్పలేం. బడి నుంచి తప్పించుకోవడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ప్రేమతో వెళ్లినవాళ్ల నైపుణ్యం ప్రొఫార్మాలు నింపడంలో, గూగుల్ షీట్లు సరిచూడటంలో, వీడియో కాన్ఫరెన్సుల్లో కరిగిపోవడమూ అందరికీ తెలిసిందే. ఈలోగా తరగతి గది వాళ్ల కోసం ఆగదు. 2020–21లో ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్. ఆ పుస్తకం మీద శిక్షణ ఇచ్చిన మనిషే దాన్ని పట్టుకుని మొదటిసారి నలభైమంది ముందు నిలబడితే, పిల్లలు రెండు పేజీలూ వదిలేసి తన ముఖం చూస్తున్నారని తెలిసేది అప్పుడే.

వెనక్కి వెళ్లడానికి బడి ఉన్నవాళ్ల కథ ఇది. కాంట్రాక్టు మీద పనిచేసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లకు ఆ వెసులుబాటూ లేదు. కేంద్ర నిబంధనల ప్రకారం 18 బడుల దాకా ఒక సమన్వయకర్త ఉండాలి. ఆంధ్రలో ఆ పోస్టు పేరు సీఆర్‌ఎంటీగా మారింది, అంటే ‘మొబైల్ టీచర్’. ఎక్కడ టీచరు సెలవు పెడితే అక్కడికి వెళ్లాలి. నిపుణుణ్ని తరగతికి పంపడమే ఉద్దేశమైతే మెచ్చుకోవాల్సిందే. కానీ ఈ రోజు ఒక బడి, రేపు ఇంకో బడి అయితే ఏ పిల్లాడి చదువు ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? అది బోధన కాదు, ఖాళీ పూడ్చడం.

మరోవైపు బడుల హేతుబద్ధీకరణకు తెచ్చిన 2022 నాటి జీవో 117ను ప్రభుత్వం 2025లో పక్కనపెట్టి బడులను మళ్లీ సర్దినప్పుడు, మిగులుగా తేలిన స్కూల్ అసిస్టెంట్లను మోడల్ ప్రైమరీ స్కూళ్లకు హెడ్మాస్టర్లుగా పంపింది. పదో తరగతికి ఫిజిక్స్ చెప్పిన చేతులు అక్షరాలు దిద్దించాల్సి వచ్చింది. అది తేలిక పని అనుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వారం రోజులు ఒకటో తరగతిలో కూర్చుని చూడాలి.

ఇంతకీ నిపుణుడు బడికి వస్తే ఏమవుతుంది? హరియాణా అనుభవం దీనికి జవాబు చెబుతుంది. 2012–13లో ప్రథమ్ సంస్థ అక్కడి ప్రభుత్వంతో కలిసి, పిల్లల తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి బోధించే పద్ధతిని అమలు చేసింది. టీచర్లకు మార్గదర్శకులైన బ్లాకు స్థాయి సమన్వయకర్తలు ముందుగా 15 నుంచి 20 రోజులు తామే పిల్లలకు పాఠం చెప్పారు, ఆ తర్వాతే టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశీలిస్తే పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. అదే పద్ధతి ఇతర రాష్ట్రాల్లో బడి వేళల్లో టీచర్లకు వట్టి శిక్షణతో సరిపెట్టినచోట అంతగా నడవలేదు.

ఇంగ్లండ్ మరో దారి చూపింది. 1998 నుంచి 2013 వరకు అక్కడ ‘అడ్వాన్స్‌డ్ స్కిల్స్ టీచర్’ పోస్టులుండేవి. వారంలో సుమారు నాలుగు రోజులు సొంత తరగతి, ఒక రోజు ఇతర బడుల టీచర్లకు తోడ్పాటు. తరగతి వదలకుండానే నిపుణులు కావడం వల్ల తిరిగి రావడమన్న మాటే ఉండేది కాదు. అమెరికాలో మాత్రం కథ వేరు. కోవిడ్ కాలంలో అక్కడి బడులకు కేంద్రం ఇచ్చిన సుమారు 19,000 కోట్ల డాలర్ల గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఆ డబ్బుతో పెట్టుకున్న, టీచర్లకు తోడ్పడే కోచ్‌ల పోస్టులను నిలపడం చాలా జిల్లాలకు భారమైంది. నిధి మీద నిలబడ్డ నైపుణ్యానికి ఎక్కడైనా అదే గతి.

కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో ఈ లోపాన్ని ఈ విద్యా సంవత్సరమే సరిచేయొచ్చు, కొత్త నిధులు కూడా అక్కర్లేదు. డిప్యుటేషన్ నోటిఫికేషన్‌లో వారానికి రెండు రోజులు తప్పనిసరిగా ఒకే తరగతికి పాఠం అని ఒక నిబంధన చేరిస్తే చాలు. అంగలూరులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో పనిచేసేవాళ్లకైతే చుట్టూ గుడ్లవల్లేరు మండలం బడులే ఉన్నాయి. తిరిగొచ్చిన మాస్టార్లకు నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అరగంట కేటాయించాలి. అదీ ఉపన్యాసానికి కాదు. ఆ నెలలో తన తరగతిలో చెడిపోయిన ఒక పాఠాన్ని మిగతావాళ్ల ముందు మళ్లీ చెప్పి, ఎక్కడ చెడిందో వాళ్లనే అడగడానికి.