బల్బుకు డబ్బిస్తాం, వెతికినందుకు ఇవ్వం

పావగడ తాలూకాలో కారు వెనక లైటు వెలగలేదంటే ముందు బల్బు మారుతుంది. అయినా వెలగకపోతే డైరెక్ట్ వైరు లాగి టేపు చుట్టేస్తారు. నాలుగు నెలలకు మళ్లీ అదే కథ. మెకానిక్‌కు పని రాదని తిట్టుకుంటాం గానీ, ఆ పద్ధతి నేర్పింది మనమే. కొత్త బల్బు చేతిలో పెడితే మారుమాట లేకుండా డబ్బులిస్తాం. అరగంట డిక్కీలో తల దూర్చి వైరు వెతికి, ఏ సామానూ మార్చకుండా లైటు వెలిగిస్తే మాత్రం ‘ఏం మార్చావని ఇంత?’ అంటాం. తప్పు వెతికినందుకు విడిగా కూలి ఇవ్వనంత కాలం ఈ లైట్లు నిలవవు.

ఎందుకంటే జబ్బు చాలాసార్లు బల్బులో ఉండదు. చాలా కార్లలో వెనక బల్బుకు రెండు ఫిలమెంట్లు: రాత్రి లైటుకు 5 వాట్లు, బ్రేకుకు 21 వాట్లు. రెండింటికీ ఎర్త్ ఒకటే, అది బాడీకి బిగించిన చిన్న బోల్టు. దాని కింద తుప్పు చేరితే కరెంటు తిరిగి వెళ్లడానికి పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలగడం ఈ జబ్బు గుర్తే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక వైరు తెచ్చి హోల్డర్ ఎర్త్‌కు తాకించండి. వెలుగు ఒక్కసారిగా పుంజుకుంటే దోషి దొరికినట్టే. బోల్టు విప్పి, లోహం తళతళలాడేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగిస్తే సరి. ఎర్త్ బాగుంటే ఫ్యూజు, బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్, డిక్కీ తలుపు మడత దగ్గర వంగి వంగి లోపలే తెగే వైరు చూసుకోవాలి. ఇందులో సామాను ఖర్చు దాదాపు లేదు, ఉన్నదంతా బుర్రా ఓపికా.

మసగ్గానైనా వెలుగుతోంది కదా అనేవాళ్లున్నారు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. వెనక ఎర్ర దీపం 155 మీటర్ల నుంచి కనిపించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు ఆగి ఉన్న బండిని చేరడానికి ఆ దూరమంతా కలిపి ఏడు సెకన్లే. పావగడ నుంచి మడకశిర వైపో కళ్యాణదుర్గం వైపో రాత్రి పోయేవాళ్లకు, శనక్కాయల లోడు ట్రాక్టరు వెనక హఠాత్తుగా బ్రేకు పడడం కొత్త కాదు.

డైరెక్ట్ వైరు చవక కదా అంటారు. నిజమే, ఆ పూటకు చవక. ఫ్యూజు లేకుండా లాగిన వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. ఎల్‌ఈడీ వేస్తే పీడ పోతుందన్న మాటలోనూ సగమే నిజం: ఫిలమెంటు మాడే బెడద తగ్గుతుంది, కానీ దానికీ ఎర్త్ కావాలి, పైగా కొన్ని కార్లలో పాడైతే సెట్టు మొత్తం మార్చాలి. వీటికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: వెతుకుడు కూలి పెడితే కొందరు ఊరికే గంటలు లెక్కగట్టి పిండుకుంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే గంటల లెక్క వద్దు. లైట్ల చెకప్‌కు ఇంత అని గ్యారేజీ ముందే బోర్డు మీద రాయాలి, తప్పు ఎక్కడుందో కారు యజమానికి కళ్లారా చూపించాలి. డబ్బిచ్చే ముందు యజమాని కూడా వెనక నిలబడి లైటు, బ్రేకు, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేయించి చూడాలి. విడివిడిగా చూస్తే బాగున్నట్టు కనిపించే ఎర్త్ బండారం, మూడింటి లోడూ ఒక్కసారి పడినప్పుడే బయటపడుతుంది.