ఒక్క మార్కుల షీటుతో పోయేది కాదు
పన్నెండో తరగతిలో చతికిలబడినా మెడిసిన్ తలుపు మూసుకోదు. కానీ రెండోసారి తట్టడానికి అయ్యే ఖర్చే అన్ని ఇళ్లకూ ఒకలా ఉండదు

మే నెలలో పన్నెండో తరగతి ఫలితాలు వచ్చే వారం జంషెడ్‌పూర్‌లో కద్మా, సోనారీల తెలుగు ఇళ్లలో ఫోన్లు తెగ మోగుతాయి. శ్రీకాకుళం నుంచి పెదనాన్న, విశాఖపట్నం నుంచి మేనమామ. అందరిదీ ఒకటే ప్రశ్న: ''ఎంతొచ్చాయిరా?'' తొంభై శాతం దాటితే తల్లి ఫోన్ కొడుకు చేతికిస్తుంది. యాభై అయిదు దగ్గర ఆగితే తనే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. పిల్లాణ్ణి డాక్టర్ని చేయాలని పదేళ్లుగా అనుకుంటున్న ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ సరిగా భోంచేయరు.

ఆ ఊళ్లో డాక్టర్ సీటుకు అంత విలువ రావడానికి కారణం ఉంది. 1907లో టాటా ఉక్కు సంస్థ పుట్టి, 1919లో జంషెట్జీ పేరు పెట్టుకున్న ఈ ఉక్కు పట్టణానికి ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాయి, తెలుగు సంఘాలు పెట్టుకున్నాయి. తండ్రి ప్లాంట్‌లో చేస్తే కొడుకూ ప్లాంట్‌లోనే అన్నది రెండు మూడు తరాల పాటు సాగిన లెక్క. ఆ లెక్క 1990లలో తప్పింది. ఆ దశకం ఆరంభంలో 78 వేల దాకా ఉన్న టాటా స్టీల్ సిబ్బంది 2000ల మధ్య నాటికి దాదాపు సగానికి తగ్గారు. కంపెనీ గేటు ఇరుకైన కొద్దీ కార్మికుల ఇళ్లు ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు చూశాయి. అందుకే ఇక్కడ మార్కులు తగ్గాయంటే ఒక పిల్లాడి చదువు ఒక్కటే దెబ్బతిన్నట్టు కాదు. ఊరి మెట్టు దిగిపోయినట్టే లెక్క.

అయితే ఆ మార్కుల షీటు నిజంగా ఎంత నష్టం చేస్తుందో ఆ ఇళ్లలో చాలామందికి స్పష్టంగా తెలియదు. 2013 మే 5న తొలిసారి జరిగి, అదే ఏడాది జులైలో సుప్రీం కోర్టు కొట్టేయగా, 2016లో మళ్లీ ప్రాణం పోసుకున్న నీట్ ఈ లెక్కనంతా మార్చేసింది. 2020 నుంచి ఎయిమ్స్, జిప్‌మర్ సీట్లు కూడా దాని కిందికే వచ్చాయి. నీట్ ర్యాంకులో బోర్డు మార్కులకు వెయిటేజీ లేదు. భారత వైద్య మండలి 1997లో రూపొందించిన నిబంధనలు మాత్రం ఒక గీత గీశాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ విద్యార్థికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉండాలన్నాయి. ఏళ్ల తరబడి దేశమంతటా అదే గీత నడిచింది. వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చాక నిబంధనల్లో మార్పులు జరుగుతున్నాయి కనుక, దరఖాస్తు చేసే ఏటి నీట్ సమాచార పుస్తకం, జార్ఖండ్ కౌన్సెలింగ్ ప్రాస్పెక్టస్ రెండూ చదవాల్సిందే. పక్కింటి వాళ్ల అనుభవం మూడేళ్ల కిందటిదైతే పనికిరాకపోవచ్చు.

పాత గీత ప్రకారమే లెక్క వేసి చూస్తే భయం ఎంత, వాస్తవమెంత అన్నది తేలుతుంది. ఫిజిక్స్‌లో 38, కెమిస్ట్రీలో 52, బయాలజీలో 66 వచ్చిన విద్యార్థికి 300కి 156, అంటే 52 శాతం. ఇంట్లో దాన్ని ఫెయిల్ కింద జమకట్టినా నిబంధన అతన్ని ఆపదు. అదే 34, 46, 62 అయితే 142. అంటే 47 శాతం పైచిలుకు. ఆ గీత వర్తించే చోట ఓబీసీ విద్యార్థి దాటుతాడు, జనరల్ విద్యార్థి ఆగిపోతాడు. అలా ఆగినవారు ముందు నీట్ కోచింగ్‌కు డబ్బు కట్టడం పొరపాటు. ముందు చేయాల్సింది ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష. సీబీఎస్ఈ ఈ అవకాశం ఇస్తోంది. ఎంపీసీ తరహా గ్రూపు చదివి తర్వాత మెడిసిన్ వైపు మనసు మళ్లినవారికీ దారి దొరికింది. పన్నెండో తరగతి తర్వాత అదనపు సబ్జెక్టుగా బయాలజీ పాసైనా చెల్లుతుందని కమిషన్ 2023 నవంబర్‌లో ప్రకటించింది. వయసు అడ్డంకీ తొలగింది. 2018లో పెట్టిన 25 ఏళ్ల గరిష్ఠ పరిమితిని 2022లో ఎత్తేశారు.

అమెరికాలో ఉన్న బంధువుల సలహాలు ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ డిగ్రీ నాలుగేళ్లలో తెచ్చుకున్న ప్రతి గ్రేడూ దరఖాస్తులో కనిపిస్తుంది. బలహీనమైన గ్రేడ్లు ఉన్నవారు డిగ్రీ తర్వాత మళ్లీ కోర్సులు చదివి సగటు పెంచుకోవాలి. ఆస్టియోపతిక్ కాలేజీల దరఖాస్తుల్లో పాత గ్రేడు స్థానంలో కొత్తది వేసుకునే వెసులుబాటు ఉండేది, దాన్నీ 2017లో తీసేశారు. అక్కడి వ్యవస్థకు జ్ఞాపకశక్తి ఎక్కువ. మన వ్యవస్థకు అది తక్కువ. నిన్నటి మార్కు మరిచిపోతుంది, కానీ ఒక్క మధ్యాహ్నం మూడు గంటలనే నమ్ముతుంది.

ఆ మూడు గంటల్లో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 ప్రశ్నలు, బయాలజీవే. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఒక విద్యార్థి 170 ప్రశ్నలకు జవాబు పెట్టి 120 ఒప్పు, 50 తప్పు చేశాడనుకుందాం. వచ్చేది 430. మరొకరు 130 మాత్రమే పెట్టి 118 ఒప్పు, 12 తప్పు చేస్తే 460. రెండు ప్రశ్నలు తక్కువ తెలిసిన విద్యార్థికి 30 మార్కులు ఎక్కువ. బోర్డు పరీక్షలో తెలిసిందల్లా రాసేసే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఫిజిక్స్‌లో వెనకబడిన పిల్లలు మొదటిసారి దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. వాళ్లకు అవసరమైనది మొత్తం సిలబస్‌ను మళ్లీ మొదటి నుంచి వినడం కాదు. పోయిన మార్కులు తెలియక పోయాయా, తెలిసీ తొందరలో పోయాయా, ఊహించి పోగొట్టుకున్నారా అన్నది పాత పేపర్లు ముందేసుకుని తేల్చుకోవడం. ఈ పనికి పెన్సిలు, గడియారం చాలు.

అర్హత సాధించడం, సీటు సాధించడం ఒకటి కాదన్నది మరో కఠిన సత్యం. 2025లో 22 లక్షల మందికి పైగా నీట్ రాస్తే 12.36 లక్షల మంది అర్హులయ్యారు. జనరల్ కటాఫ్ 720కి 144 మాత్రమే. దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు దాదాపు 1.2 లక్షలు. అంటే అర్హులైన ప్రతి పది మందికీ ఒక సీటు. అందులోనూ ఇంచుమించు సగం ప్రైవేటువి. 144 మార్కులతో ''నీట్ క్వాలిఫై అయ్యాడు'' అని మిఠాయిలు పంచిన ఇంటికి మర్నాటి నుంచే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి.

జంషెడ్‌పూర్ విద్యార్థికి దగ్గర్లో ఉన్నవేమిటి? 1961 నాటి మహాత్మా గాంధీ మెమోరియల్ మెడికల్ కాలేజీ ఊళ్లోనే ఉంది. బారీడీలో 2020లో మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ 150 సీట్లతో మొదలైంది. కానీ ప్రభుత్వ కాలేజీ ఫీజుతో దాని ఫీజును పోల్చలేం. 2000 నవంబర్ 15న రాష్ట్రం ఏర్పడినప్పుడు జార్ఖండ్‌లో రాంచీ, జంషెడ్‌పూర్, ధన్‌బాద్‌లలో మూడే మెడికల్ కాలేజీలు. 2019లో హజారీబాగ్, దుమ్కా, పలామూలలో కొత్తవి వచ్చాయి, దేవ్‌ఘర్ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యాయి. రెండోసారి రాసేవారికి ఇది కొంత ఊరట.

తెలుగు కుటుంబాలు చేసే పొరపాటు మరొకటుంది. మార్కులు తగ్గగానే ''విశాఖ పంపిస్తే అక్కడి కోటా వస్తుంది'' అన్న మాట ఒకటి బయల్దేరుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో స్థానికత ఇంటిపేరును బట్టి రాదు, చదివిన చోటును బట్టి వస్తుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న సూత్రం ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు అక్కడ ఉండాలి. ఇంటర్ రెండేళ్లో, లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక్క ఏడాదో అందుకు చాలవు. పైగా ఆ తాపత్రయంలో జార్ఖండ్ స్థానికత పత్రాలను అశ్రద్ధ చేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. నీట్‌ను తెలుగులో రాసే వీలున్నా, ఆ ప్రశ్నపత్రం దొరికేది తెలుగు రాష్ట్రాల కేంద్రాల్లోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, వీధిలో హిందీ మాట్లాడే కద్మా పిల్లలకు ఇంగ్లిష్ లేదా హిందీ పేపరే గతి. అందరికీ సమానంగా మిగిలేది అఖిల భారత కోటా. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం సీట్లకు ఏ రాష్ట్రం వారైనా పోటీ పడొచ్చు.

ఇక విదేశీ దారి. నీట్‌లో అర్హత సాధించకుండా విదేశంలో ఎంబీబీఎస్ చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేసే వీలు 2018 నుంచి లేదు. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో సాగాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కి 150 రావాలి. 2002లో మొదలైన ఆ పరీక్ష తప్పేవారే ఎక్కువ. 2022లో యుద్ధం కారణంగా ఉక్రెయిన్ నుంచి వేల మంది విద్యార్థులు పుస్తకాల సంచులతో తిరిగొచ్చిన దృశ్యం ఇంకా పాతబడలేదు. బలహీనమైన పునాదిని విదేశీ డిగ్రీ సరిచేయదు, ఆరేళ్లు వాయిదా వేస్తుంది.

కాబట్టి ఎక్కువమందికి మిగిలేది ఒక ఏడాది ఆగి మళ్లీ రాయడమే. ఉత్తరాదిన 'డ్రాపర్' అన్నా, విజయవాడ, గుంటూరుల్లో 'లాంగ్‌టర్మ్' అన్నా ఒకటే బతుకు. దాని అసలు ధర ఫీజు రసీదులో కనిపించదు. కోటాలో 2023లో పాతిక మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులోనే సుప్రీం కోర్టు 2025 జులై 25న దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలంది. వంద మందికి పైగా విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక కౌన్సెలర్‌ను నియమించాలంది. వెనకబడిన విద్యార్థిని చేర్చే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్నలు ఇవే. ర్యాంకుల ఫ్లెక్సీలో ఎన్ని ఫొటోలున్నాయన్నది ఆ తర్వాతే.

ఒక్క పరీక్షకే అంతా కట్టబెట్టడం న్యాయమా అన్న చర్చ వేరే ఉంది. 2007 నుంచి 2016 వరకు తమిళనాడు ప్రవేశ పరీక్ష లేకుండా పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లు నింపింది. పల్లె బడి పిల్లలకు అది మేలన్నది ఆ రాష్ట్ర వాదన. బోర్డు పరీక్షలో తడబడినవాడికి మాత్రం అలాంటి పద్ధతిలో ఆశ సన్నం. నీట్ రెండో అవకాశం ఇస్తుంది, కానీ ఏడాది పాటు సంపాదన లేకుండా కొడుకునో కూతురినో కూర్చోబెట్టగల ఇంటికే ఇస్తుంది. ఆ అవకాశమైనా నమ్మకంగా ఉందా అంటే, 2024లో జార్ఖండ్‌లోనే హజారీబాగ్‌లో ప్రశ్నపత్రం లీకైంది. హజారీబాగ్, పాట్నాల్లో లీకేజీ నిజమేనన్న సుప్రీం కోర్టు, పరీక్ష మొత్తాన్ని రద్దు చేయడానికి నిరాకరించింది. ఏడాది మొత్తం పాత పేపర్లతో కుస్తీ పట్టిన పిల్లాడికి ఆ జులై ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

అయినా బలహీనమైన మార్కుల షీటు పట్టుకున్న పిల్లలకు చెప్పాల్సిన మాట ఒక్కటే. ముందు నిబంధన చూడాలి. తర్వాత తప్పులు లెక్కపెట్టాలి. ఒక ఏడాదికి, మరీ అయితే రెండేళ్లకు గడువు పెట్టుకోవాలి. ఆ గడువు దాటితే నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆయుష్ కోర్సులు, పశువైద్యం ఓటమి చిహ్నాలు కావు, ఆస్పత్రులకూ పల్లెలకూ ఆ మనుషులూ కావాలి. ఈ గడువును మొదటి రోజే, ఇంట్లో అందరూ కూర్చుని, పిల్లాడి సమ్మతితో పెట్టుకున్న కుటుంబాలకు రెండో ఫలితం ఏదైనా తట్టుకునే ధైర్యం ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి ఫోన్ మళ్లీ వస్తుంది. ఈసారి దాన్ని పిల్లాడి చేతికే ఇవ్వాలి. యాభై రెండు శాతం వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడనివాడే, ఆ యాభై రెండులో ఏది ఎక్కడ పోయిందో వెతకడానికి కూర్చోగలడు.