మారుమనస్సుకు తగిన ఫలములు



ఉజ్జీవ కూటముల చివరి రాత్రి మన సంఘములలో ఏమి జరుగునో మీరెరుగుదురు. ప్రసంగీకులు పిలుపునివ్వగా అనేకులు ముందుకు వచ్చి మోకరించి కన్నీళ్లు విడుతురు. అది చూచి మనము సంతోషింతుము; సంతోషింపవలసినదే. అయితే మరుసటి ఆదివారము సండేస్కూలు పిల్లలకు పాఠము చెప్పుటకు ఎవరైనా ముందుకు రండని కాపరిగారు అడిగినప్పుడు ఒక్క చెయ్యి లేవదు. తమ్ముని గట్టు జరిపి కలుపుకొనిన భూమి అన్న పొలములోనే యుండును. మాటలు మానుకొనిన అత్తాకోడండ్రు వేర్వేరు చాపల మీదనే కూర్చుందురు. మరి ఆ రాత్రి కార్చిన కన్నీళ్లు ఏమైనవి?

చేసిన తప్పుకు బాధపడుట వేరు, మారుమనస్సు పొందుట వేరు. ఇస్కరియోతు యూదా కూడ బాధపడెను. ముప్పది వెండి నాణెములు తిరిగి ఇచ్చివేసెను. కాని ప్రభువు నొద్దకు రాలేదు. పేతురు కూడ వెక్కి వెక్కి ఏడ్చెను. అయితే అతడు తిరిగి ప్రభువు ఎదుట నిలువబడెను. అక్కడ అతనికి క్షమాపణతో పాటు పని కూడ దొరికెను. గొఱ్ఱెలను మేపు పని ప్రభువు అతనికే అప్పగించెను (యోహాను 21). క్షమింపబడినవాడు పరిచర్యకు పిలువబడుచున్నాడని దీనివలన గ్రహించుచున్నాము.

బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు వచ్చినవారు తామేమి చేయవలెనని అడిగిరి. ఆయన అందరికి ఒకే జవాబు చెప్పలేదు. రెండు అంగీలు గలవానికి ఒక మాట, సుంకరికి ఒక మాట, సైనికునికి ఒక మాట చెప్పెను (లూకా 3). ఎవరి పాపము ఎక్కడ దాగియున్నదో అక్కడనే వేలు పెట్టెను. జక్కయ్యను చూడుడి. తప్పు ఒప్పుకొనినవాడు అసలుకు అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచుండగా (సంఖ్యాకాండము 5), అతడు నాలుగంతలు ఇచ్చుటకు సిద్ధపడెను. ఎవరును అతనిని బలవంతపెట్టలేదు. మారిన మనస్సు లెక్క చూచుకొనదు.

మన తెలుగు నేల మీదనే జరిగిన ఒక సంగతి జ్ఞాపకము చేసికొందము. 1876 మొదలు 1878 వరకు మహా కరవు ఈ దేశమును పీడించెను. అప్పుడు ఒంగోలులో సేవచేయుచున్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలితో నున్న వేలమందికి కూలి పని కల్పించిరి. పని మధ్య విశ్రాంతి వేళలలో బోధకులు వారికి సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కావలెనని అడిగిరి. సంఖ్య పెంచుకొనుటకు అంతకంటె మంచి సమయము మరేమున్నది? అయినను దొరగారు ఇయ్యలేదు. వీరు క్రీస్తు కొరకు వచ్చుచున్నారా, కూటి కొరకు వచ్చుచున్నారా అను సందేహము ఎవరికిని మిగులకూడదని, కరవు సహాయము ముగియువరకు ఆగిరి. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసిన తరువాత కూడ జనులు వెనుకకు పోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారికి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే.

ఆ పంట ఒక్క దినమున పండినది కాదు. దానికి పండ్రెండేండ్లు ముందు, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వ్యాపారి భార్యతో కూడ ఒంగోలుకు నడిచి వచ్చి బాప్తిస్మము పొందెను. లోకము అంటరానివాడని త్రోసివేసిన మనిషి. అతడు జీతమునకై కనిపెట్టలేదు, పదవి అడుగలేదు. తన వారి యొద్దకు తిరిగి వెళ్లి తనకు దొరికిన ప్రభువును గూర్చి చెప్పుచుండెను. 1867 జనవరిలో దొరగారు ఆ ప్రాంతమునకు వెళ్లునప్పటికి అక్కడ 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి. మారుమనస్సు పొందినవాని కాళ్లు ఊరకుండవు.

సంఘమునకు కూడ ఒక మాట. పడి లేచి వచ్చినవారిని మనమెట్లు చేర్చుకొనుచున్నాము? మార్కు అనబడిన యోహాను పెర్గే వద్ద పని విడిచి వెళ్లిపోయెను. అతనిని మరల వెంటబెట్టుకొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా మాత్రము చేయి విడువలేదు. సంవత్సరములు గడచిన తరువాత అదే పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, మార్కు తన పరిచర్యకు ఉపయోగపడునని చెప్పి, అతనిని తోడుకొని రమ్మనెను. పరీక్షింపకుండ బాధ్యత అప్పగించుట తొందరపాటు. కన్నీళ్లతో వచ్చినవానికి అతని పాత పేరే జీవితాంతము తగిలించియుంచుట కఠినత్వము. సంఘము డబ్బు వాడుకొనినవాడు నిజముగా మారినయెడల, మొదట ఆ డబ్బు కట్టనిండు. ఆ తరువాత చాపలు పరచు పని ఇయ్యుడి. పెట్టె తాళపుచెవి కొరకు అతడు తొందరపడడు.

కాబట్టి ఈ నెలలో మన కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరము ఈ రెండు ప్రశ్నలు వేసికొందము. నేను తిరిగి ఇయ్యవలసినది, లేక వెళ్లి క్షమాపణ అడుగవలసినది ఎవరిని? ఎవరును చూడకపోయినను నా సంఘములో నేను చేయగల పని ఏది? జవాబు తోచిన వెంటనే లేచి వెళ్లుదము. రోగియైన విధవరాలి యింటికి గంజి తీసికొనిపోవుట, ఆరాధనకు ముందు మందిరము ఊడ్చుట, చదువురాని పెద్దమ్మకు వాక్యము చదివి వినిపించుట, ఇవి ప్రభువు దృష్టికి చిన్నవి కావు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు మనకు అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.