లారీ నిలిపినా పన్ను నిలవదు

అనకాపల్లి: బెల్లం సీజను ముగిశాక లారీకి కిరాయిలు తగ్గుతాయి. ఇంజను పని తగిలితే బండి నెలల తరబడి షెడ్డులోనే పడి ఉంటుంది. టైర్లు కొనడానికి చేతిలో డబ్బు లేని యజమాని లారీని తెచ్చి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలిపేస్తాడు. రోడ్డెక్కని బండికి రోడ్డు పన్ను ఎందుకు కట్టాలన్నది అతని ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయితే బండి నిలిచినంత మాత్రాన పన్ను నిలవదు. నిలిపిన సంగతిని సకాలంలో రాతపూర్వకంగా రవాణా శాఖకు తెలియజేసిన వారికే ఆ ఊరట లభిస్తుంది. ఈ సంగతి తెలియక ఒక్క లారీ మీద ఆధారపడి బతికే చిన్న యజమానులు నష్టపోతున్నారు.

పొరుగునే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారానికి సంబంధించిన కేసులో 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ విషయం మళ్లీ చర్చకు వచ్చింది. రోడ్డు వాడని వాహనానికి పన్ను లేదని కోర్టు చెప్పిందని, కాబట్టి తిరగని లారీకి ఇక పన్ను కట్టనక్కరలేదని అనుకునేవారు లేకపోలేదు. అలా అనుకుంటే చిక్కుల్లో పడతారు.

తీర్పులో ఏముంది?

ఉక్కు కర్మాగారంలోని సెంట్రల్ డిస్పాచ్ యార్డులో సరుకు ఎత్తి దించే కాంట్రాక్టు ఒక రవాణా సంస్థకు దక్కింది. ఆ పనికి 36 వాహనాలను వినియోగించింది. యార్డు చుట్టూ ప్రహరీ గోడ ఉంది. గేట్ల వద్ద కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంటుంది. అనుమతి లేనిదే ఎవరూ లోపలికి వెళ్లలేరు. తమ వాహనాలు ఆ గోడ దాటి రావడం లేదు కనుక 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను మినహాయించాలని సంస్థ కోరింది. అధికారులు నిరాకరించారు. హైకోర్టులో ఏక సభ్య న్యాయమూర్తి సంస్థ పక్షాన తీర్పు చెప్పి, కట్టించుకున్న 22,71,700 రూపాయలు తిరిగి ఇవ్వాలన్నారు. డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టివేసింది. చివరకు సుప్రీంకోర్టు ఏక సభ్య న్యాయమూర్తి తీర్పునే నిలబెట్టింది.

వాహన పన్ను అనేది ప్రజల సొమ్ముతో వేసిన రోడ్లను వాడుకున్నందుకు చెల్లించే ప్రతిఫలమని సుప్రీంకోర్టు వివరించింది. 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం 3వ సెక్షన్‌లో బహిరంగ స్థలం అనే మాట ఉందని, ప్రజలకు ప్రవేశం లేని మూసిన ఆవరణలోనే తిరిగే వాహనం ఆ మాట కిందికి రాదని తేల్చింది. ఇది కొత్త వాదనేమీ కాదు. ఒడిశాలోని గనులలో మాత్రమే తిరిగే డంపర్ల విషయంలో 1974లోనే సుప్రీంకోర్టు ఇటువంటి తీర్పు ఇచ్చింది.

పొరపాటు ఎక్కడ?

గోడ లోపలే పనిచేసే బండి వేరు, రోడ్డు మీద తిరగవలసిన బండి కొంతకాలం ఆగిపోవడం వేరు. ఊరిలో చెట్టు కింద నిలిపిన లారీ రెండో రకం. దానికి పర్మిట్ ఉంది. తాళం తిప్పితే రేపే రోడ్డెక్కవచ్చు. ఇటువంటి బండ్ల కోసమే పన్నుల నియమావళిలో 12-ఏ అనే నియమం ఉంది. ఏ త్రైమాసికానికి పన్ను కట్టవలసి ఉందో ఆ త్రైమాసికం మొదలు కాకముందే, ఇప్పటికే కట్టిన గడువు ముగిశాక బండిని వాడబోమని యజమాని రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే ఆ బండిని వాడకానికి ఉంచినట్లే లెక్క. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయలేదు.

లారీకి ఏడాదిలో నాలుగు త్రైమాసికాలు ఉంటాయి. అవి ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదటి తేదీన ప్రారంభమవుతాయి. ఉదాహరణకు మార్చి 31 వరకు పన్ను కట్టి, ఏప్రిల్‌లో ఇంజను పనికి బండిని షెడ్డుకు పంపిన యజమాని సంగతి చూద్దాం. ఆరు నెలలు బండి కదలలేదు. అక్టోబరులో బాగు చేయించుకొని కొత్త త్రైమాసికానికి పన్ను కట్టబోతే, కంప్యూటరు గడచిన రెండు త్రైమాసికాల బాకీని కూడా జరిమానాతో కలిపి చూపిస్తుంది. షెడ్డు మేస్త్రీ సాక్ష్యం చెప్పినా, ఊరంతా వచ్చి చెప్పినా ఆ అంకె మారదు. మార్చి 31 లోగా ఒక్క కాగితం ఇచ్చి ఉంటే ఆ బాకీ పుట్టేదే కాదు. బాకీ తీరనిదే ఫిట్‌నెస్, పర్మిట్ పనులు ముందుకు సాగవు. ఈలోగా ఫైనాన్సు కంపెనీ వాయిదాలు ఆగవు.

క్వారీలలో టిప్పర్లు తిప్పేవారు కూడా ఒక విషయం గమనించాలి. క్వారీ లోపలే తిరుగుతున్నామన్నంత మాత్రాన మినహాయింపు రాదు. రాయి తీసుకొని క్రషర్‌కు వెళ్లే దారిలో పంచాయతీ రోడ్డు దాటినా అది బహిరంగ స్థలమే అవుతుంది. చుట్టూ గోడ లేదా కంచె, గేటు, వచ్చిపోయే బండ్ల లెక్క చూపగలిగిన వారికే విశాఖ తీర్పు ఆసరా అవుతుంది.

అమెరికాలోనూ ఇంతే

పన్ను లేకపోయినా కాగితం ఉండాలన్న పద్ధతి మన రాష్ట్రానికే పరిమితం కాదు. అమెరికాలో 55,000 పౌండ్లు, అంటే సుమారు 25 టన్నులు, ఆపై బరువు గల లారీలకు కేంద్ర ప్రభుత్వం ఏటా వాడకం పన్ను విధిస్తుంది. దానికి 2290 నంబరు ఫారం నింపాలి. పన్ను ఏడాది జూలైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. ఏడాదిలో 5,000 మైళ్లకు మించి తిరగని లారీకి, వ్యవసాయ పనుల లారీ అయితే 7,500 మైళ్లకు మించనిదానికి పన్ను ఉండదు. అయినా ఫారం మాత్రం దాఖలు చేయవలసిందే. దాఖలు చేసినట్లు ముద్ర పడిన పత్రం లేనిదే లారీ రిజిస్ట్రేషన్ పని సాగదు. అక్కడ తిరిగిన మైళ్లను బట్టి చిన్న యజమానికి ఊరట ఉంది. మన దగ్గర లారీ పన్నుకు తిరిగిన దూరంతో సంబంధం లేదు. నెలకు రెండు కిరాయిలు దొరికిన లారీకీ, రాత్రింబవళ్లు తిరిగే లారీకీ త్రైమాసిక పన్ను ఒకటే. అందువల్ల మన యజమానికి బండి నిలిపినట్లు ఇచ్చే కాగితమే దిక్కు.

కాగితంలో ఏమి రాయాలి?

బండి నంబరు, పన్ను ఏ తేదీ వరకు కట్టారు, ఏ తేదీ నుంచి వాడబోవడం లేదు, కారణం ఏమిటి, బండిని ఎక్కడ నిలిపారు అన్న వివరాలు స్పష్టంగా ఉండాలి. షెడ్డులో ఉంటే షెడ్డు చిరునామా రాయాలి. కట్టిన పన్ను రశీదు నకలు జతచేయాలి. ఇచ్చిన కాగితానికి తేదీతో కూడిన రశీదు తీసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఏజెంటు చేతిలో పెట్టి, ఇచ్చేశాడులే అని ఊరుకుంటే రేపు చూపించడానికి ఏమీ ఉండదు.

బండి చెప్పిన చోటనే ఉందో లేదో బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూడవచ్చు. నిలిపినట్లు రాసిచ్చి రాత్రిపూట ఒక ట్రిప్పు వేస్తే, పట్టుబడినప్పుడు పన్ను, జరిమానా రెండూ తప్పవు. మళ్లీ రోడ్డెక్కించే ముందు కార్యాలయానికి తెలిపి పన్ను కట్టాలి. త్రైమాసికం మారినా బండి ఇంకా నిలిచే ఉంటే ఆ సంగతి మళ్లీ తెలియజేయడం మంచిది.

బండిని అమ్మినవారు కూడా జాగ్రత్త పడాలి. స్టాంపు కాగితం మీద సంతకాలు చేసుకొని తాళాలు ఇచ్చేస్తే పని పూర్తి కాదు. అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పేరు మారనంతకాలం బాకీ నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది.

చిన్న యజమాని మాటేమిటి?

36 బండ్లున్న సంస్థ నాలుగేళ్లకు పైగా పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది. తిరిగి రావలసిన సొమ్మును లెక్కిస్తే సగటున ఒక్కో బండికి 63 వేల రూపాయలు. ఒకే లారీ ఉన్న యజమాని ఆ సొమ్ము కోసం ఢిల్లీ వెళ్లలేడు. వకీలు ఫీజుకే అంతకు మించి ఖర్చవుతుంది. కాబట్టి అతనికి న్యాయం జరగవలసింది రవాణా కార్యాలయం కౌంటరు దగ్గరే.

బండి నిలుపుదల ఫారం తెలుగులో, ఒకే పేజీలో ఉండాలని, దానిని మండల స్థాయిలోనే తీసుకొని అక్కడికక్కడే రశీదు ఇవ్వాలని లారీ యజమానులు కోరుతున్నారు. త్రైమాసికం ముగియడానికి పదిహేను రోజుల ముందే పన్ను గడువుతో పాటు నిలుపుదల గడువును కూడా యజమాని ఫోనుకు తెలియజేస్తే చాలామంది బాకీల పాలు కాకుండా ఉంటారు. పన్ను వసూలుకు గడువు గుర్తుచేసే శాఖ, పన్ను మినహాయింపుకు గడువు గుర్తుచేయడంలోనూ అంతే శ్రద్ధ చూపడం సబబు. అంతవరకు యజమానులే క్యాలెండరులో నాలుగు తేదీలకు గుర్తు పెట్టుకోవాలి: మార్చి 31, జూన్ 30, సెప్టెంబరు 30, డిసెంబరు 31.